రొట్టెలావిడ పంపని కబుర్లు

ఆ సాయంత్రం కూడా అత్తగారు చదువు దగ్గరికి రాలేదు.

టీ గ్లాసులు కడిగి బోర్లించి, ఫోన్లు వంటింటి సొరుగులో పడేసి, కోడలు పుస్తకం పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి పేము కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన స్టూలు మీద బఠాణీకాయల పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. అత్తగారు తన గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అది నిద్ర కాదు. నిద్రపోయే మనిషి చీర చెంగుని అంత బిగించి పట్టుకోదు.

"అత్తయ్యా, చదువు మొదలుపెడుతున్నాను."

"పెట్టుకో. నీ పుస్తకం, నీ నోరు."

"మీరు లేకుండా ఎలా?"

"నేను ఉంటే మాత్రం ఏం ఒరిగింది? ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. రాదనేగా నీ ధైర్యం."

కోడలు గుమ్మం దగ్గరే నిలబడింది. సర్దిచెప్పే మాటే ఉంటే నిన్ననే చెప్పేది.

నిన్న జరిగిందేమిటంటే, చిక్కుడు తీగకి నీళ్ళు పోస్తున్న మనవరాలిని పట్టుకుని అత్తగారు యథాలాపంగా అడిగింది: "ఏమే బుజ్జీ, ఆ రొట్టెలావిడ అక్క ఊరి నుంచి ఎప్పుడొస్తుందే? మీ అమ్మ రేపూ మాపూ అంటుందిగానీ తేల్చదు." బుజ్జికి పద్నాలుగేళ్ళు. తల్లి చదువుతుంటే విని విని స్పానిష్ అబ్బింది, అదే పుస్తకాన్ని సెలవుల్లో తనంతట తనే చదివేసింది. నిజం చెప్పడమంటే టైమెంతయిందో చెప్పినంత తేలిక ఆ పిల్లకి.

"ఆవిడ ఎప్పుడో చచ్చిపోయింది నానమ్మా. పుస్తకం సగంలోనే."

నీళ్ళ చెంబు అక్కడ పెట్టి పిల్ల స్నేహితురాలింటికి వెళ్ళిపోయింది. ఇల్లు మాత్రం అప్పటినుంచీ ఇలా ఉంది.

ఈ ఇంట్లో సాయంత్రం పూట స్పానిష్ చదువు ఈనాటిది కాదు. పెళ్ళయిన కొత్తలో భార్యాభర్తలు ఆ భాష మాట్లాడే దేశంలో కొన్నేళ్ళు కాపురం చేశారు. అతను కళ్ళద్దాల కర్మాగారంలో పనిచేస్తే, ఆమె ఓ కూరగాయల దుకాణంలో తూకం దగ్గర నిలబడేది. బేరమాడేవాళ్ళతో వాదించి నేర్చుకున్న భాష అది. గట్టి భాష. తిరిగొచ్చాక మాట్లాడే మనిషి లేక అది కాస్తా నోట్లోంచి జారిపోసాగింది. ఒకరోజు కూర తరుగుతూ 'తలుపు గడియ'ని స్పానిష్‌లో ఏమంటారో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. కూర మాడిందిగానీ మాట దొరకలేదు. మర్నాడే అటక మీది అట్టపెట్టె దించి పుస్తకాలు దులిపింది.

చదవడానికి ఆమె పెట్టుకున్న పద్ధతులు కొన్ని ఉన్నాయి. పైకే చదవాలి. తెలియని మాట తగిలితే ఆగకూడదు, పెన్సిలుతో పక్కన చుక్క పెట్టి ముందుకు పోవాలి. అధ్యాయం పూర్తయ్యేదాకా నిఘంటువు ముట్టుకోకూడదు. చుక్క పెట్టిన మాటకి అర్థం ముందు తనే ఊహించాలి, ఆ తర్వాతే వెతకాలి. మర్నాడు పొద్దున్న కుక్కరు కూతలేసేలోపు అదే అధ్యాయం ఇంకోసారి, ఈసారి మనసులో. చుక్కలు తగ్గుతూ వస్తే ఆమెకి జీతం పెరిగినంత సంబరంగా ఉండేది.

అత్తగారు ఈ చదువులోకి తనంతట తనే వచ్చి చేరింది. స్కూల్లో కుట్టుపని టీచరుగా చేసి మానేసిన మనిషి, ఖాళీగా కూర్చోలేదు. బఠాణీలు వలుస్తూ, పాలకూర గిల్లుతూ అర్థం కాని ఆ భాషని వింటూ కూర్చునేది. చదివేదాని గొంతు తగ్గినప్పుడల్లా "ఏమైంది? ఎవరైనా పోయారా?" అని అడిగేది. అలా మొదలై, రోజూ అధ్యాయం అవగానే కోడలు కథని తెలుగులో చెప్పడం, అత్తగారు దాని మీద తీర్పులివ్వడం ఇంటి అలవాటైపోయింది. ఆ లావుపాటి నవలలో రొట్టెల దుకాణం నడిపే ముసలావిడ ఒకతె ఉంది. కోపిష్టి, పిసినారి, పనిలో మాత్రం రాక్షసి. అత్తగారికి ఆవిడంటే ప్రాణం.

ఆ రొట్టెలావిడ పోయిన అధ్యాయం సరిగ్గా ఏ సాయంత్రం వచ్చిందంటే, వీళ్ళు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన సాయంత్రం.

ఆ రోజు డాక్టరు అత్తగారిని బయట కూర్చోబెట్టి, కొడుకునీ కోడలినీ లోపలికి పిలిచి చెప్పాల్సింది చెప్పాడు. బయటికొస్తూ కొడుకు భార్య చెయ్యి పట్టుకుని ఆపాడు. "అమ్మకి చెప్పొద్దు. చుక్కలు వేస్తే తగ్గుతుందన్నాడని చెప్పు. నేను చెప్తే నా మొహం చూసి పట్టేస్తుంది." ఆమె అలాగే చెప్పింది. తడబాటు లేకుండా, నవ్వుతూ మరీ చెప్పింది. ఆటోలో అత్తగారు, "హమ్మయ్య, కళ్ళు తేటపడితే ముందు అక్కని చూసి రావాలి. మంచాన పడ్డాక ఒక్కసారైనా వెళ్ళలేదు," అంది.

ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే ఇదీ వరస. కోడలికి ఆ పూట ఎవర్నీ చంపే ఓపిక లేకపోయింది. "రొట్టెలావిడ ఒంట్లో బాగోక, అక్క ఊరికి వెళ్ళింది," అనేసింది. ఒక్క పూటకే అనుకుంది. కానీ అత్తగారు ఊరుకుంటుందా? మర్నాడే, "అక్కడ ఎలా ఉందట?" అని అడిగింది. దాంతో దుకాణానికి పిండి తోలే బండివాడి చేత ఓ కబురు పంపించాల్సొచ్చింది. ఆ తర్వాత ఇంకోటి. పాపం కోడలు, ఒక వంక ఉన్న పుస్తకాన్ని చదువుతూ, ఇంకో వంక లేని పుస్తకాన్ని అల్లుతూ, నెలల తరబడి చచ్చిపోయిన మనిషి చేత కబుర్లు పంపిస్తూ వచ్చింది. అత్తగారికి నవల మొత్తంలో నచ్చినవి ఆ కబుర్లే.

ఇప్పుడు కోడలి గుండెల్లో ఉన్న భయం పుస్తకం గురించి కాదు. పుస్తకంలో అబద్ధం చెప్పినదానివి ఇంకెక్కడెక్కడ చెప్పావని ఆవిడ అడిగితే ఏం చెప్పాలి?

భర్త షాపు మూసి వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అతని కళ్ళజోళ్ళ షాపు వీధి మలుపులోనే. అద్దాలు అరగదీసిన తెల్లటి పొడి చొక్కా ముంజేతుల మీద రోజూ ఉండేదే. చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"అమ్మ ఇంకా అలిగే ఉందా?"

"అలకైతే బతిమాలుకునేదాన్ని. అలక కాదు."

"పుస్తకంలో ముసలమ్మ పోయిందని ఎవరైనా ఇంత చేస్తారా?"

"ముసలమ్మ పోయినందుకు కాదండీ. నేను పోనివ్వనందుకు."

అతను తువ్వాలు తీసుకుని చేతులు అవసరానికి మించి తుడుచుకున్నాడు.

"అమ్మకి కొత్త కళ్ళజోడు ఎల్లుండికల్లా అయిపోతుంది. ఈసారి అద్దం వేరే రకం తెప్పించాను. తేలిగ్గా ఉంటుంది."

"ఎన్నోదండీ ఇది?"

అతను తువ్వాలు మళ్ళీ దులిపాడు.

"అద్దాలతో అయ్యేది కాదని మీకు తెలుసు కదా. ఆ డాక్టరు నాకంటే మీకే వివరంగా చెప్పాడు. అద్దాల పని తెలిసిన మనిషని."

"తెలుసు."

"మరి?"

"మరి చేతులు ముడుచుకుని కూర్చోమంటావా? ఊళ్ళో అందరి కళ్ళకీ అద్దాలు పెట్టేవాణ్ణి. మా అమ్మ గుమ్మానికి గుద్దుకుంటుంటే చూస్తూ కూర్చోమంటావా?" తల్లి గదివైపు చూసి గొంతు తగ్గించాడు. "ఏదో ఒకటి చేస్తున్నాననుకోనీ నన్ను."

ఆమెకి అతని మీద జాలేసింది. ఆ జాలి వల్లే ఇన్ని నెలలూ నోరు మూసుకుంది. అయినా ఈ పూట ఊరుకోలేకపోయింది.

"పెద్దత్తయ్య నిన్న మళ్ళీ ఫోన్ చేశారు. 'ఒకసారి వచ్చి కనిపించవే' అని ఏడ్చారు. అత్తయ్య ఏమన్నారో తెలుసా? 'కళ్ళు తేటపడనీ అక్కా, అప్పుడొచ్చి నిన్ను తనివితీరా చూస్తా' అన్నారు. కళ్ళు తేటపడవు. పెద్దత్తయ్య అన్నాళ్ళు ఉండరు. మనం ఆవిడ చేత ఏం వాయిదా వేయిస్తున్నామో మీకు తెలుస్తోందా?"

"తెలిస్తే అమ్మ తట్టుకోలేదు."

"అమ్మా? మీరా?"

అతను తువ్వాలు తీగ మీద వేసి వెనక్కి తిరిగాడు.

"పుస్తకం సంగతి నువ్వు సర్దిచెప్పుకో, అది నీ సొంత కవిత్వం. కళ్ళ సంగతి మాత్రం నేను చెప్పేదాకా ఎత్తకు. నాకు మాటిచ్చావు."

"రెండూ చెప్పింది ఈ నోరేనండీ. ఒకటి అబద్ధమని తేలాక రెండోది ఎన్నాళ్ళు నిలుస్తుంది?"

గదిలోంచి దగ్గు వినిపించింది. ఇద్దరూ చప్పున మాట మార్చి, మర్నాటి కూర గురించి మాట్లాడుకున్నారు. అంత శ్రద్ధగా ఆ మొగుడూపెళ్ళాలు కూర గురించి మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

మర్నాడు ఆమెకి పరీక్ష.

ఆసుపత్రులకి ఫోన్లో దుభాషీలని సమకూర్చే కార్యాలయం ఒకటి పాత పోస్టాఫీసు మేడ మీద ఉంది. డాక్టరు ఒక భాషలో మాట్లాడితే, రోగి ఇంకో భాషలో మాట్లాడితే, మధ్యలో దుభాషీ ఇద్దరి మాటా ఇద్దరికీ అందించాలి. స్పానిష్ వచ్చినవాళ్ళు కావాలన్న ప్రకటన చూసి ఆమె దరఖాస్తు పెట్టుకుంది. ఇన్నేళ్ళ సాయంత్రపు చదువు ఎందుకు పనికొస్తుందని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక ఉద్యోగం ఉండాలని ఆమె కోరిక.

పరీక్ష పెట్టే మేడమ్ తెల్లజుట్టు, పొట్టి మనిషి. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించింది. అవతలి గదిలో ఒకాయన డాక్టరులా, ఇంకొకాయన కాలు విరిగిన రోగిలా నటిస్తారని చెప్పింది.

మొదట్లో అంతా నల్లేరు మీద బండి నడకలా సాగింది. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, మందులేం వాడుతున్నారు? నవలలో కట్లు కట్టే వైద్యుడు వాడిన మాటలన్నీ ఒక్కొక్కటే నోటికి అందుతున్నాయి. చుక్క పెట్టి, ఊహించి, వెతికి సంపాదించుకున్న మాటలవి. ఒక్కటీ మోసం చెయ్యలేదు.

తర్వాత డాక్టరు పాత్రధారి అన్నాడు: "ఈ కాలు మునుపటిలా అవదు. ఇకమీదట కర్ర లేకుండా నడవలేరు."

ఆమె స్పానిష్‌లో చెప్పింది. అవతల రోగి పాత్రధారి ఊపిరి తీసుకుని, థాంక్స్ చెప్పాడు. మేడమ్ చెయ్యెత్తి ఆపింది.

"మీరిప్పుడు ఆయనకి చెప్పింది మళ్ళీ తెలుగులో చెప్పండి."

"ఈ కాలు మునుపటిలా అవడానికి..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. తను ఏం చెప్పిందో అప్పుడు వినబడింది. 'మునుపటిలా అవడానికి టైం పడుతుంది. ప్రస్తుతానికి కర్ర పట్టుకుని నడవండి.' అబద్ధం ఆడుతున్నానన్న ఆలోచనైనా రాలేదు. నాలుక దానంతటది మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"స్పానిష్ ఎక్కడ నిలబెట్టుకున్నారు?" మేడమ్ అడిగింది.

"ఇంట్లోనండీ. పుస్తకాలు చదివి."

"తెలుస్తోంది. మీ భాష పాత నవలలోంచి లేచొచ్చినట్టుంది, కానీ వంక పెట్టడానికి లేదు. ఇక్కడికొచ్చే చాలామంది కన్నా మీకు మాటలు ఎక్కువ తెలుసు." హెడ్‌ఫోన్ తీగ చుడుతూ మామూలు గొంతుతోనే అంది. "కాని ఇప్పుడు ఆ మనిషి కాలు బాగవుతుందనుకుని ఇంటికెళ్తాడు. మెట్లు లేని ఇల్లు వెతుక్కోడు. పని మార్చుకోడు. కాలు ఎప్పుడు బాగవుతుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటాడు. అతని రోజులు మీరు తీసేసుకున్నారు."

ఆమెకి మొహం చెల్లలేదు.

"ఇది భాష రాక చేసిన తప్పు కాదు. అలవాటు. ఎవరి కోసమో చేసుకున్న అలవాటై ఉంటుంది. సోమవారం మళ్ళీ రండి. మానుకుని రాగలిగితేనే రండి."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఆ మాట పదే పదే నెమరేసుకుంది. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి వెతుక్కోవచ్చు. 'అతని రోజులు తీసేసుకున్నారు' అన్నదే ముల్లులా గుచ్చుకుంది. కన్నీళ్ళొచ్చాయి. పక్కావిడ చూస్తోందని ముక్కు చీదుకుని, జలుబన్నట్టు నటించింది. ఆ నటన కూడా సులువుగానే వచ్చింది.

ఇంటికి చేరేసరికి అత్తగారు పేము కుర్చీలో కూర్చుని ఉంది.

"పుస్తకం తే," అంది.

"కాస్త టీ పెట్టి..."

"టీ తర్వాత. రొట్టెలావిడ పోయిన చోటు తీసి చదువు. ముందు ఆ భాషలో చదువు, తర్వాత తెలుగులో చెప్పు. ఉన్నదున్నట్టు. నీ ముద్దూమురిపాలేం వద్దు."

కోడలు చేతిసంచి కిందపెట్టి పుస్తకం తీసింది. పేజీ వెతకాల్సిన పని లేకపోయింది. ఆ పేజీలో ఒక్క చుక్క కూడా లేదు. అన్నీ తెలిసిన మాటలే.

చదివింది. తర్వాత తెలుగులో చెప్పింది.

"తెల్లారేసరికి పొయ్యి చల్లారిపోయి ఉంది. రొట్టెలావిడ లేచిన రోజున పొయ్యి అలా ఉండదు. ఆవిడ కోడలు ముందు పొయ్యి వెలిగించి, పిండి కలిపి మూతపెట్టి, అప్పుడు వెనకగదిలోకి వెళ్ళి చూసింది. ఆవిడ పక్కకి తిరిగి పడుకుని ఉంది. చేతులకి పిండి అంటుకునే ఉంది. కోడలు తడిగుడ్డతో ఆ చేతులు తుడిచింది. ఆ రోజు దుకాణం ఎప్పటి వేళకే తెరిచారు."

"ఏడ్చిందా?"

"ఏడ్చినట్టు రాయలేదు అత్తయ్యా."

"నువ్వు ఏడిపించకు మరి. రాసినంతే చెప్పు."

"రాసినంతే చెప్పాను."

అత్తగారు తల పంకించింది.

"మంచి చావు. చేతులకి పిండితో పోయింది, పనిచేసే మనిషి. ఇంతకన్నా ఏం కావాలి? దీన్నెందుకు దాచావు నా దగ్గర? అక్క ఊరికి పంపించావు. అక్క దగ్గరికి వెళ్ళాలన్న ఆశ నాది. నా ఆశ తీసుకెళ్ళి చచ్చిన మనిషికి తగిలించావు. నేనేమో రోజూ అడిగేదాన్ని, ఎలా ఉందట, తిందటా, నవ్విందటా అని. వెర్రిమొహంలా."

"మీరు వెర్రిమొహం కాదు."

"మరి ఎందుకు చేశావ్?"

"ఆ రోజు మనం కళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వచ్చాం. ఆ పూట నాకు చెప్పబుద్ధి కాలేదు."

అనేశాక గానీ తను ఏమందో ఆమెకి తెలియలేదు. వెనక్కి తీసుకోవడానికి మాట దొరకలేదు. బహుశా వెతకలేదు కూడా.

అత్తగారు మొహం తిప్పింది. ఈమధ్య ఎదుటివాళ్ళని చూడాలంటే మెడ కుడివైపుకి బాగా తిప్పి ఎడమ కంటితో చూస్తుంది. అలా చూసింది.

"కళ్ళ డాక్టరు దగ్గర్నుంచి సంతోషంగా వచ్చాం కదే. తగ్గుతుందన్నాడు కదా. మంచి కబురు విన్న రోజున చెప్పబుద్ధి కాకపోవడమేంటి?"

కోడలు పుస్తకం మూసింది.

"అమ్మాయ్. డాక్టరు ఏమన్నాడు?"

హాల్లో ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక తంటాలు పడుతున్నారు. మాటిచ్చానన్న సంగతి ఆమెకి గుర్తుంది. ఎవరికి ఇచ్చిందో కూడా గుర్తుంది. అయినా చెప్పింది, పుస్తకం చదివినట్టే చెప్పింది, గొంతు ఎక్కడా తగ్గకుండా.

"కుడి కన్ను పోయినట్టేనన్నాడు. పోయిన చూపు తిరిగి రాదన్నాడు. ఎడమ కన్ను పక్కల నుంచి మూసుకొస్తోంది. చుక్కలు దాన్ని నెమ్మది చేస్తాయి, బాగు చెయ్యవు. మానేస్తే ఇంకా తొందరగా పోతుంది. ఎన్నాళ్ళుంటుందో ఖాయంగా చెప్పలేనన్నాడు. అద్దాల వల్ల లాభం లేదన్నాడు."

అత్తగారు అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంది. కోడలి వైపు చూసింది. చెయ్యి తీసింది. మళ్ళీ మూసుకుంది.

"ఇలా మూస్తే నువ్వు లేవు," అంది. "ఈ కంటి సంగతి నాకు తెలుస్తూనే ఉంది. అది బాగవకముందు ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. రెండోది కూడా పోతుందనుకోలేదు."

"అత్తయ్యా..."

"ఆగు. నాకు కోపం వస్తోంది, రానీ." ఆవిడ గొంతు పెంచలేదు. "నీ మీద వస్తోంది, వాడి మీద వస్తోంది. చెప్పొద్దన్నది వాడేగా? నువ్వు చెప్పక్కర్లేదు, వాడే. చిన్నప్పుడు గ్లాసు పగిలితే ముక్కలు బియ్యం డబ్బాలో దాచినవాడు వాడు. ఇన్ని నెలలు పోగొట్టారే మీరిద్దరూ కలిసి. ఈ కన్ను ఇప్పటికన్నా బాగున్నప్పుడే అక్కని చూసి వచ్చేదాన్ని. దాని మొహం ఇప్పుడు ఎంత కనిపిస్తుందో ఏమో."

కోడలికి ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలనీ ప్రయత్నించలేదు. "తప్పు చేశాను అత్తయ్యా. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు నాకు."

"ఏడిస్తే ఏడువుగానీ ముందు టికెట్ చూడు. ఈ వారమే వెళ్దాం. నువ్వు తీసుకెళ్ళు. వాడొద్దు, దారి పొడుగునా నా కళ్ళలోకే చూస్తూ కూర్చుంటాడు."

"ఆదివారానికి వచ్చేద్దామా? సోమవారం నాకు మళ్ళీ పరీక్ష ఉంది."

"ఇవాళ ఏమైంది?"

"తప్పాను. డాక్టరు చెప్పినదాన్ని మెత్తగా చేసి చెప్పానని."

అత్తగారు ఆమెని చూసింది. మూతి వంకర తిరిగింది. నవ్వో ఏడుపో తేలకుండా ఓ చప్పుడు చేసింది. "ఆ పరీక్ష పెట్టినావిడ నన్నడిగితే నిన్ననే చెప్పేదాన్ని కదా," అంది. ఆ మాటతో ఇద్దరూ నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు.

నవ్వు ఆగాక అత్తగారు ముందుకి వంగి కోడలి మణికట్టు పట్టుకుంది.

"ఒక్క మాట. నాకు తెలుసని వాడికి తెలియకూడదు."

"అదేంటత్తయ్యా? ఉన్నదున్నట్టు చెప్పమన్నారు ఇప్పుడేగా."

"నాకు చెప్పమన్నాను. వాడికి చెప్పమన్నానా? ఆ కళ్ళజోళ్ళు చేసుకుంటూ ఉన్నాడు, చేసుకోనీ. నేను పెట్టుకుని బాగుందంటాను. నాకు తెలిసిందంటే ఆ చేతికి ఇక పని ఉండదు. కుదేలైపోతాడు. నా కొడుకు సంగతి నాకు తెలుసు."

"ఆయనా మీ గురించి ఇదే మాటన్నారు."

"అంటాడు. నా కొడుకేగా."

కోడలు ఇంకేదో అనబోయింది. ఈలోపు గేటు చప్పుడైంది.

ఎల్లుండి అవుతుందన్న కళ్ళజోడు ఈ రోజే పూర్తి చేసుకుని, షాపు పెందరాళే మూసి వచ్చాడు అతను. పెట్టెలోంచి తీసి, మెత్తటి గుడ్డతో రెండు అద్దాలూ తుడిచి, తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎన్నో వేలమందికి పెట్టిన చేతులు. చెవుల వెనక కొక్కేలు సర్ది, ముక్కు మీద బరువు చూసి, వెనక్కి జరిగాడు.

"ఎలా ఉందమ్మా?"

"బాగా కనిపిస్తోందిరా. చాలా తేడా ఉంది."

"నిజంగా?"

"నిజంగానే. ఆ గోడ మీది కేలండరు కూడా తెలుస్తోంది. నీ పనితనమే పనితనం."

అతను గుడ్డ మడిచి పెట్టెలో పెట్టి లేచి, "టీ ఉందా?" అంటూ వంటింట్లోకి వచ్చాడు. కోడలు వెనకే వచ్చి గిన్నె పొయ్యి మీద పెట్టింది. అతను తలుపు దగ్గరగా వేశాడు.

"షాపులో రోజూ చూస్తాను," అన్నాడు మెల్లగా. "అద్దం పెట్టగానే ఎవరైనా ముందు అటూ ఇటూ చూస్తారు. బోర్డు చూస్తారు, చెయ్యి చూసుకుంటారు. ఆ తర్వాత చెప్తారు బాగుందో లేదో. అమ్మ ఇన్నాళ్ళూ అలాగే చూసేది. 'ఏమోరా, అంతే ఉన్నట్టుంది' అనేది. ఇవాళ ఎటూ చూడలేదు. చూడకుండానే బాగుందంది."

నీళ్ళు కాగుతున్నాయి. హాల్లో పేము కుర్చీ కిర్రుమని, అంతలోనే ఆగింది. అత్తగారు వింటోందని కోడలికి అర్థమైంది.

"నువ్వు ఏడ్చినట్టున్నావు. పుస్తకం బయట ఉంది." అతను ఆమెకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పొడి అంటిన ఆ చేతులు రెండూ ఏం చెయ్యాలో తెలియక వేలాడుతున్నాయి. "అమ్మకి తెలిసిపోయిందా? నా మొహం చూసి చెప్పు."

ఆమె అతని మొహం చూసింది.